చోడవరం నుంచి ఓడ వెంట

చోడవరం నుంచి సముద్రం కనబడదు. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి దాటి ఏ దిక్కుకు నడిచినా చెరకు తోటలు, వరి మళ్లు, గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి పోయే దారులు, దూరాన నీలంగా కొండలు. 2022 ఏప్రిల్ 4న ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినా చాలామంది నోట ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది. ఆస్పత్రికైనా, పెద్ద చదువుకైనా, పెళ్లి బట్టలకైనా మాకు వైజాగే దిక్కు. ఈసారి నేను వైజాగ్ బయల్దేరింది మాత్రం ఒక ఓడను చూడటానికి.

కొలంబో రేవులో తాళ్లు విప్పినప్పటి నుంచి దాన్ని ఫోన్‌లో వెంబడిస్తున్నాను. చిన్న కంటైనర్ ఓడ. పొడవు 147 మీటర్లు, వెడల్పు 23. ఇలాంటి వాటిని ఫీడర్లు అంటారు. పేరు రాయడం లేదు, ఎందుకంటే మన తీరం వెంట తిరిగే ఇలాంటి ఏ ఓడ గురించైనా ఈ మాటలే చెప్పొచ్చు. కొన్ని ఫీడర్లకు మన పేర్లే పెట్టారు. శ్రేయస్ షిప్పింగ్ వాళ్లు తమ ఓడల్లో ఒకదానికి ఎస్ఎస్ఎల్ విశాఖపట్నం అని, ఇంకొకదానికి ఎస్ఎస్ఎల్ గోదావరి అని పేరు పెట్టారు.

పెద్ద ఓడల సంగతి పేపర్లలో వస్తుంది. 2025 జూన్ 9న కేరళలోని విళింజం రేవుకు ఎంఎస్‌సీ ఐరీనా వచ్చినప్పుడు టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. 400 మీటర్ల పొడవు, 20 అడుగుల పెట్టెల లెక్కన 24,346 పట్టే ఓడ. అలాంటి ఓడ ప్రతి రేవులో ఆగదు. కొలంబో, సింగపూర్, పోర్ట్ క్లాంగ్, ఇప్పుడు విళింజం, ఇలా నాలుగైదు చోట్ల సరుకు దించి వెళ్లిపోతుంది. జంక్షన్లలో తప్ప ఆగని ఎక్స్‌ప్రెస్ అది. అక్కడ దిగిన పెట్టెల్ని ఊరూరా చేర్చే ప్యాసింజర్ బండి ఫీడర్. దాన్ని చూడటానికి ఎవరూ రారు. కానీ ఒక తీరం ఎలాంటిదో, అక్కడ నీళ్లెంత లోతో, ఏ సరుకు ఎంత బరువో తెలుసుకోవాలంటే చూడవలసింది ఈ చిన్న ఓడనే అని నా నమ్మకం. పెద్ద ఓడ రేవుల్నే తనకు తగ్గట్టు తవ్వించుకుంటుంది. చిన్న ఓడ రేవుకు తగ్గట్టు తాను పుడుతుంది.

చోడవరంలో కూర్చుని ఓడను వెంబడించడం ఎలా కుదురుతుందో చెప్పాలి. 300 గ్రాస్ టన్నులు, ఆపైన ఉండి, దేశాల మధ్య తిరిగే ప్రతి ఓడలోనూ ఏఐఎస్ అనే పరికరం ఉండి తీరాలి. 2004 చివరికల్లా అన్నీ పెట్టుకోవాలని అంతర్జాతీయ నియమం వచ్చింది. ఒక ఓడ ఇంకో ఓడను గుద్దకుండా ఉండటానికి పెట్టినదది. రేడియో మీద ఓడ తన ఉనికిని తానే చాటుకుంటూ పోతుంది: నేను ఫలానా, ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను, ఇంత వేగంతో. 16 నాట్ల వేగంలో, అంటే గంటకు 30 కిలోమీటర్లకు కాస్త తక్కువలో, ప్రతి ఆరు సెకన్లకూ ఒకసారి ఈ కబురు పంపుతుంది. ఆ ఆరు సెకన్లలో ఓడ దాదాపు 50 మీటర్లు జరిగి ఉంటుంది. లంగరు వేసి ఉంటే మూడు నిమిషాలకోసారి చాలు. తీరం మీది యాంటెన్నాలు ఆ కబుర్లను పట్టి మన ఫోన్ దాకా తెస్తాయి.

ఇది కాక ఆరు నిమిషాలకోసారి ఇంకో కబురు వస్తుంది. అందులో పేరు, కొలతలు, గమ్యం, మునక ఉంటాయి. మునక అంటే ఓడ అడుగు నీళ్లలో ఎంత లోతుకు దిగిందన్న లెక్క. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది కొలతలు చెప్పే తీరు. 147 మీటర్లు అని ఓడ నేరుగా చెప్పదు. యాంటెన్నా దగ్గర నుంచి ముక్కు ఎంత దూరం, తోక ఎంత దూరం, ఎడమ అంచు ఎంత, కుడి అంచు ఎంత అని నాలుగు అంకెలు పంపుతుంది. మొదటి రెండూ కలిపితే పొడవు, మిగతా రెండూ కలిపితే వెడల్పు. ముక్కు దాకా అంకె చాలా పెద్దది, తోక దాకా చిన్నది అంటే సిబ్బంది ఉండే గది, ఓడను నడిపే చోటైన వంతెన వెనకాల ఉన్నాయన్నమాట. ఓడను చూడకుండానే దాని ఆకారం గీయొచ్చు. ఫోన్ తెర మీద ఒక కాగితం పెట్టుకుని నేను గీశాను కూడా.

గమ్యం, మునక మాత్రం యంత్రం కనిపెట్టేవి కావు. వంతెన మీద డ్యూటీలో ఉన్న ఆఫీసరు చేత్తో టైపు చెయ్యాలి. నా ఓడ గమ్యం గడిలో ఐఎన్ వీటీజెడ్ అని ఉంది. విశాఖపట్నం రేవుకు ప్రపంచమంతా వాడే గుర్తు అది. మునక 8.1 మీటర్లు.

ఇంకొక అంకె ఉంది, ఓడకు పుట్టినప్పుడు ఇచ్చి, తుక్కుకు వెళ్లేదాకా మారని ఏడంకెల ఐఎంఓ నంబరు. యజమాని మారినా, జెండా మారినా, పేరు మారినా అది మారదు. ఆ నంబరు సరైనదో కాదో ఎవరైనా తేల్చుకోవచ్చు. మొదటి ఆరంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే వచ్చే మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడో అంకె ఒకటే కావాలి. 9123221 తీసుకోండి. 63, 6, 10, 12, 6, 4. మొత్తం 101. చివరి అంకె 1. సరిపోయింది. ఈ నంబరు ఏ ఓడదో తర్వాత చెబుతాను.

కొలంబో నుంచి వైజాగ్ రావాలంటే ఓడ నేరుగా ఉత్తరానికి తిరగలేదు. లంకకూ మనకూ మధ్య రామసేతు దగ్గర నీటి లోతు బాగా తక్కువ. అందుకని దక్షిణానికి దిగి, డోండ్రా కొన చుట్టి, లంక తూర్పు తీరం వెంట పైకి రావాలి. నా ఓడ అలాగే చుట్టి వచ్చింది. తర్వాత బంగాళాఖాతంలోకి వెళ్లేసరికి తీరం యాంటెన్నాలకు అందకుండా పోయింది. తీరం మీద నుంచి పట్టగలిగేది సుమారు 20 నుంచి 40 నాటికల్ మైళ్ల దాకానే. ఆ పైన ఉపగ్రహాలు పట్టాలి, అది డబ్బు కట్టినవాళ్లకు. నా తెర మీద ఓడ గుర్తు పాత చోటే నిలిచిపోయింది. మళ్లీ అది కాకినాడకు ఎదురుగా ప్రత్యక్షమైన పొద్దున్నే నేను బస్సెక్కాను.

సబ్బవరం మీదుగా పెందుర్తి వెళితే దారి దగ్గర. నేను కావాలనే అనకాపల్లి వెళ్లి హైవే ఎక్కాను. పెట్టెలు పోయే దారి అదే కాబట్టి. లంకెలపాలెం దగ్గర నుంచి కంటైనర్ లారీలు చిక్కబడతాయి. పరవాడ ఫార్మా సిటీ నుంచి వచ్చేవి కొన్ని, గోదావరి జిల్లాల నుంచి రొయ్యలు మోసుకొచ్చేవి కొన్ని. రొయ్యల పెట్టె చల్లదనం పోకుండా జెన్‌సెట్ అనే జనరేటరు రొద పెడుతూ ఉంటుంది. గాజువాక దాటి షీలానగర్‌లో దిగాను. పోర్టు రోడ్డు అక్కడే చీలుతుంది. ఆ చుట్టుపక్కల పెట్టెలు దాచే యార్డులు వరసగా ఉన్నాయి.

టీ కొట్టు పక్కన ఒక ట్రైలర్ ఆగి ఉంది. దాని తలుపు చదవసాగాను. పైన నాలుగక్షరాలు, వాటిలో మొదటి మూడూ పెట్టె యజమాని గుర్తు. తర్వాత ఆరంకెలు, గడి కట్టిన మరో అంకె. కింద 22జీ1 అని ఉంది, అంటే 20 అడుగుల మామూలు పెట్టె. గరిష్ఠ బరువు 30,480 కిలోలు. ఖాళీ పెట్టె బరువు 2,200 కిలోల చిల్లర. నాలుగు మూలల్లో ఉక్కు దిమ్మెలు, వాటిలో కోడిగుడ్డు ఆకారపు బెజ్జాలు. లారీ మీద, రైలు మీద, ఓడ మీద, క్రేన్ కింద పెట్టెను పట్టి ఉంచేవి ఆ బెజ్జాలే. ప్రపంచంలో ఎక్కడ తయారైన 20 అడుగుల పెట్టెకైనా ఆ బెజ్జాల మధ్య దూరాలు ఒక్కటే. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే పాత ట్యాంకరు 58 పెట్టెలతో అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయల్దేరినప్పుడు ఈ పెట్టెల వ్యవహారం మొదలైంది.

డ్రైవరు టీ గ్లాసుతో వచ్చాడు.

“ఏం చూస్తున్నారన్నా? పెట్టె మీదేనా?”

“కాదన్నా, నంబర్లు చదువుతున్నాను. లోపల ఏముంది?”

“గ్రానైట్. సగం కూడా నిండలేదు, తూకం మాత్రం నిండిపోయింది.”

ఆ ఒక్క మాట నాకు మిగతా రోజంతా పనికొచ్చింది. ఓడల స్పెసిఫికేషన్లలో రెండు అంకెలుంటాయి. ఒకటి, ఎన్ని పెట్టెలు పేర్చడానికి చోటుందనేది. నా ఓడ లాంటి దానికి అది 1,100 పైచిలుకు. రెండోది, ఒక్కో పెట్టె 14 టన్నులు తూగితే ఎన్ని మోయగలదనేది. అదే ఓడకు ఆ లెక్కన 700 దగ్గరే ఆగిపోతుంది. అసలు సంగతి రెండో అంకెలోనే ఉంది. గ్రానైట్, ఫెర్రో అల్లాయ్స్, ఇనుప తుక్కు లాంటి సరుకు చోటు నిండకముందే ఓడ మోయగలిగిన బరువుకు వచ్చేస్తుంది. ఇంకా చూడవలసింది కరెంటు ప్లగ్గుల లెక్క. ఈ సైజు ఓడకు 220 దాకా ఉంటాయి. రొయ్యల పెట్టెలు ఎన్ని ఎక్కుతాయో చెప్పేది చోటు కాదు, ప్లగ్గులు. తర్వాత, ఓడ మీదే క్రేన్లున్నాయా లేవా. నా ఓడకు రెండున్నాయి. తీరం మీద క్రేన్లు లేని, చాలని రేవుల్లో కూడా తన పెట్టెలు తానే దించుకోగలదు.

వైజాగ్ పోర్టు గురించి తెలిసిన సంగతులు మళ్లీ చెప్పను. కొన్ని మాత్రం చెప్పాలి. 1933 అక్టోబరు 7న లోపలి హార్బరులోకి మొదట వచ్చింది సింధియా కంపెనీ వాళ్ల జలదుర్గ. అప్పట్లో కెరటాల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి ముఖద్వారం దగ్గర ముంచారు. అంటే ఓడలు వచ్చే దారిని కాపాడింది కూడా ఓడలే. అదే సింధియా వాళ్ల యార్డులో కట్టిన జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దింపారు. గాజువాక వైపు బస్సుల్లో సింధియా, సింధియా అని కండక్టరు అరిచే స్టాపు పేరు వెనక ఈ కథంతా ఉంది. బయటి హార్బరు 1976లో ఇనుప ఖనిజం కోసం వచ్చింది. కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలైంది. దాని దగ్గర నీటి లోతు దాదాపు 15 మీటర్ల మునక గల ఓడకు సరిపోతుంది. నా ఓడకు అందులో సగానికి కాస్త ఎక్కువ చాలు. నేపాల్ పెట్టెలు కూడా ఇక్కడే దిగి రైలెక్కి బీర్‌గంజ్ పోతాయి.

మధ్యాహ్నానికి ఫిషింగ్ హార్బర్ చేరాను. ఎండు చేపల వాసన, ఐసు పొట్టు, డీజిల్. ఫోన్‌లో నా ఓడ వేగం తగ్గుతోంది. 15, 11, 6. రేవులోకి దారి చూపే పైలట్ ఎక్కినట్టుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి కెరటాల అడ్డుగోడ దాటి ఓడ ముక్కు కనబడింది. వెంట రెండు టగ్గులు.

బైనాక్యులర్ పెట్టుకుని చూస్తూ అలాగే ఉండిపోయాను. డెక్కు మీద పెట్టెలు రెండు మూడు వరసలే. తెలియనివాడు చూస్తే సగం ఖాళీ ఓడ అంటాడు. కానీ నీటి మట్టం దగ్గర చూడండి. ఓడ పొట్టకు ఎర్ర రంగు వేస్తారు, నాచు, నత్తలు పట్టకుండా. ఖాళీ ఓడకు ఆ ఎరుపు వెడల్పుగా కనబడుతుంది. దీనికి సన్నని గీతలా ఒక చోట తప్ప కనబడటం లేదు. డ్రైవరు చెప్పిందే, చోటు మిగిలింది, తూకం నిండింది. ఫోన్‌లోని 8.1 అనే అంకె నా కళ్ల ముందు నీళ్లలోకి దిగి ఉంది.

వల బాగు చేస్తున్న ఒక పెద్దాయన తల ఎత్తాడు.

“ఏటి బాబూ, అంతలా సూత్తన్నావు? ఎవుల్దీ ఓడ?”

“ఎవరిదైతే ఏం గానీ తాతా, చోడవరం నుంచి దీన్ని చూడ్డానికే వచ్చాను.”

“సెరుకు తోటలోడివి, నీకు ఓడలతో పనేటి?” అని నవ్వి, వల పక్కన పెట్టాడు. “పగలు సూస్తే ఏటి తెలుస్తాది? రేత్రి సూడాలి. మేం దీపాలే సూస్తాం. ఎరుపొక్కటే కనబడితే దాని ఎడం పక్క మాకేసి ఉన్నట్టు. పచ్చొక్కటే అయితే కుడి పక్క. రెండూ ఒక్కపాలి కనబడ్డాయనుకో, మా మీదకే వస్తంది. అప్పుడింక వల గిల సూసుకోం.”

ఏఐఎస్ గురించి నేను చదివినదంతా ఒక పక్క, ఈ నాలుగు మాటలు ఒక పక్క. పెద్ద ఓడలు ఒకదానికొకటి చాటుకుంటాయి. పరికరం లేని పడవ ఆ తెరల మీద లేనట్టే లెక్క. లక్ష చేపల పడవలకు ట్రాన్స్‌పాండర్లు పెట్టే జాతీయ కార్యక్రమం 2024 ఆగస్టులో మొదలైంది. అది ఈ రేవులో ప్రతి పడవకూ, తెరచాప తెప్పకు కూడా చేరాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. వెంబడించగలిగే హక్కు సరుకుకే కాదు, మనిషికీ ఉండాలి.

ఇక ఆ 9123221. అది ఎంఎస్‌సీ ఎల్సా 3. అదీ ఫీడరే. 184 మీటర్లు, 1997లో కట్టినది. 2025 మే నెలలో విళింజంలో 640 పెట్టెలతో బయల్దేరి కొచ్చి వెళుతూ ఒక పక్కకు ఒరిగి, మే 25న కేరళ తీరానికి ఎదురుగా మునిగిపోయింది. 24 మందీ బతికారు. పెట్టెలు కొట్టుకొచ్చాయి, ప్లాస్టిక్ గుళికలు ఒడ్డుకు చేరాయి, చేపల వేట ఆగింది. అంతకుముందు 2021లో ఇంకో ఫీడరు, ఎక్స్‌ప్రెస్ పెర్ల్, కొలంబో ఎదుట తగలబడి మునిగింది. అది సముద్రంలోకి దిగి ఏడాది కూడా కాలేదు. మనకు ఇంకా దగ్గరిది 2018 జూన్‌లో జరిగింది. మన కృష్ణపట్నంలో 464 పెట్టెలు ఎక్కించుకుని కోల్‌కతా వెళుతున్న ఎస్ఎస్ఎల్ కోల్‌కతాకు హల్దియా వైపు పోతుండగా నిప్పంటుకుంది. 22 మందినీ కాపాడారు, ఓడను కాపాడలేకపోయారు.

ఈ మూడూ గుర్తున్నవాడు ఫీడరును ఊరికే చూడలేడు. పెద్ద ఓడలు తీరానికి దూరంగా పోతాయి. ఫీడర్లు తీరాన్ని ఒరుసుకుంటూ, చేపలు పట్టే నీళ్ల మీదుగా పోతాయి. కాబట్టి వాటి వయసు, వాటి బరువు లెక్క, పెట్టెల్లో ఏముందనే కాగితం, ఇవన్నీ ఒడ్డున ఉన్నవాళ్లకు కూడా సంబంధించిన సంగతులే. ఆ నంబర్లు ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. మత్స్యకార గ్రామాల్లో పిల్లలకు ఇంజను బాగు చేయడం నేర్పినట్టే ఇవి చదవడం కూడా నేర్పితే బాగుంటుంది.

సాయంత్రానికి గాంట్రీ క్రేన్ల కింద ఓడ తన పెట్టెల్ని దించుకుంటోంది. ఒక్కో పెట్టె లేచినప్పుడల్లా ఎర్ర గీత పెరుగుతోందా అని చూశాను. ఒక పెట్టెకు ఏమీ కనబడదు, ఓ గంట తర్వాత చూస్తే కనబడుతుంది. చీకటి పడ్డాక ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్లి, సబ్బవరం మీదుగా వచ్చే బస్సెక్కాను.

ఓడ అదే రాత్రి కదిలింది. గమ్యం గడిలో ఇప్పుడు కోల్‌కతా గుర్తు. మునక 6.9. ముందు వైజాగ్‌లో బరువు దించి తర్వాతే కోల్‌కతా వెళ్లడానికి కారణం ఆ అంకెలో ఉంది. కోల్‌కతా రేవు సముద్రం ఒడ్డున లేదు, హుగ్లీ నదిలో 200 కిలోమీటర్లకు పైగా లోపలికి పోవాలి. నదిలో ఇసుక మేటలు, ఆటుపోట్లు. ఓడ ఏడు మీటర్లకు అటూ ఇటూగా మునిగి ఉంటేనే దారి దొరికేది, అది కూడా పోటు వేళకే. చివర్లో లాకు గేటు దాటి డాక్‌లోకి రావాలి. థాయిలాండ్‌లోనూ ఇంతే: బ్యాంకాక్ నది రేవు 172 మీటర్ల కన్నా పొడుగు ఓడను రానివ్వదు కాబట్టి సరిగ్గా ఆ కొలతకే ఓడలు కడుతున్నారు. బంగాళాఖాతం చుట్టూ ఇంత చిన్న ఓడలు ఎందుకు తిరుగుతున్నాయంటే జవాబు హుగ్లీ లాంటి నదులే.

మర్నాడు చోడవరంలో పొద్దున్నే ఫోన్ తీశాను. ఓడ బారువ దాటి ఒడిశా తీరం వెంట ఉంది. వేగం 11 నాట్లు. దానికి 16 పోగల శక్తి ఉంది. వేగం పదో వంతు తగ్గిస్తే ఇంజనుకు కావలసిన శక్తి నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది, ప్రయాణం కాస్త సాగినా నూనె మిగులుతుంది. హుగ్లీ ముఖద్వారంలోని సాగర్ దగ్గర పైలట్ ఎక్కేది పోటు చూసుకునే. ముందే పోయి లంగరు వేసుకుని కూర్చోవడం కన్నా నిదానంగా పోవడమే నయమని కెప్టెన్ లెక్క వేసుకున్నట్టున్నాడు.